క్యాష్‌కి మందు చవగ్గా అమ్మితే పోటీ దెబ్బతింటుందా? అమెరికా స్పెషాల్టీ ఫార్మసీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూజెర్సీలో ఒక చిన్న మందుల షాపులో ఫార్మసిస్ట్‌ని. మా కౌంటర్‌కి వచ్చే తెలుగువాళ్ళు, వాళ్ళ ద్వారా ఫోన్ చేసే బంధువులు ఏళ్ళ తరబడి అడుగుతున్న ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పగలను. కొన్నిటికి కథంతా చెప్పాల్సిందే. క్యాష్ అంటే ఇక్కడ ఇన్సూరెన్స్ వాడకుండా సొంత డబ్బుతో కొనడం.

స్పెషాల్టీ ఫార్మసీ అంటే ఏంటి? వీధి చివర మందుల షాపుకీ దానికీ తేడా ఏంటి?

కేన్సర్, కీళ్ళవాతం, మల్టిపుల్ స్క్లీరోసిస్, హెపటైటిస్ సి లాంటి జబ్బుల మందులు అమ్మే ఫార్మసీలవి. వాటిలో చాలావరకు షాపులా ఉండవు. గోడౌన్ నుంచి మందు పెట్టెలో పెట్టి ఇంటికి పంపుతారు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన ఇంజెక్షన్లకీ, నర్సు రోగికి ఫోన్ చేసి కనుక్కోవాల్సిన మందులకీ ఆ ఏర్పాటు నిజంగా అవసరమే.

కానీ "స్పెషాల్టీ" అన్న పేరు ఒక మందుకి ఎందుకు వస్తుందో చూడండి. పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికేర్‌లో స్పెషాల్టీ టైర్‌కి, అంటే ఆ మందుల వరుసకి, కొలమానం ధరే. 2024లో నెలకు 950 డాలర్లు దాటితే ఆ వరుసలో పెట్టొచ్చు అన్నారు. ప్రైవేటు ప్లాన్లు ఎవరి జాబితా వాళ్ళు రాసుకుంటాయి. రక్త కేన్సర్‌కి వాడే ఇమాటినిబ్ మామూలు మాత్ర. ఫ్రిజ్ అక్కర్లేదు, ఇంజెక్షన్ కాదు, అన్నం తిన్నాక గ్లాసుడు నీళ్ళతో వేసుకుంటారు. మా షాపు అరలో షుగర్ మాత్రల పక్కనే పెట్టుకోవచ్చు. అయినా చాలా ప్లాన్లలో అది స్పెషాల్టీ మందే.

ఇన్సూరెన్స్ ఉన్నా క్యాష్ ధరే తక్కువ పడుతోంది. ఎలా?

నన్ను అందరికంటే ఎక్కువగా కుదిపిన ప్రశ్న ఇది. నలభై ఏళ్ళు దాటిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇమాటినిబ్ ప్రిస్క్రిప్షన్‌తో మా కౌంటర్‌కి వచ్చాడు. ఊరి నుంచి చూడ్డానికి వచ్చిన వాళ్ళ నాన్నగారు పక్కనే నిలబడ్డారు. క్లెయిమ్ పంపగానే తెరమీద తిరస్కరణ: ఈ మందు ప్లాన్ చెప్పిన స్పెషాల్టీ ఫార్మసీలోనే తీసుకోవాలి. అక్కడికి ఫోన్ చేస్తే, డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మనం సొంతంగా కట్టాల్సిన మొత్తం, ఇంకా నిండలేదు కాబట్టి మొదటి నెల వెయ్యి డాలర్ల పైమాటే అన్నారు. అదే మాత్ర, అదే మోతాదు, ముప్ఫై రోజులకి ఆన్‌లైన్‌లో క్యాష్ ధర వంద డాలర్ల లోపు కనిపిస్తోంది. పెద్దాయన నా వైపు తిరిగి, "ఏమ్మా, ఇన్సూరెన్స్ ఉన్నవాడికి ఎక్కువా, లేనివాడికి తక్కువా? ఇదెక్కడి లెక్క?" అన్నారు.

లెక్క ఇదీ. మందు కొన్న ధర ఒకటి, ప్లాన్‌కి చూపించే ధర ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఉండేది ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్. అందరూ పీబీఎం అంటారు. ఏ మందు ప్లాన్‌లో ఉండాలో, ఏ ఫార్మసీకి ఎంత కట్టాలో, మీరు ఎంత పెట్టుకోవాలో తేల్చేది అదే. ఆ పీబీఎంకే సొంత స్పెషాల్టీ ఫార్మసీ ఉంటే, తన ఫార్మసీకి తనే ధర కట్టుకుంటుంది.

క్యాష్‌కి అమ్మేవాళ్ళ దగ్గర ఈ మధ్యవర్తి ఉండడు. వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ పెట్టిన కాస్ట్ ప్లస్ డ్రగ్స్ 2022 జనవరిలో ఆన్‌లైన్‌లో మొదలైంది. అది తన లెక్క బాహాటంగా రాసి పెడుతుంది: కొన్న ధర మీద 15 శాతం, ఫార్మసీ పనికి 5 డాలర్లు, పంపడానికి 5 డాలర్లు. కొన్న ధర 20 డాలర్లనుకోండి, 15 శాతం అంటే 3, ఆపైన పది, మొత్తం 33. మొదలైనప్పుడు ఆ కంపెనీ ఇచ్చిన ప్రకటన ప్రకారం ఇమాటినిబ్ నెలకు 47 డాలర్లు, బయట రిటైల్ ధర 9,657 డాలర్లు. రెండో అంకె ఎవరూ చివరికి కట్టని కాగితం ధరే అనుకున్నా, మీ డిడక్టబుల్, కోఇన్సూరెన్స్ (ధరలో మీరు కట్టాల్సిన శాతం) అలాంటి కాగితం ధరల దగ్గర్నుంచే మొదలవుతాయి. అందుకే అది ఉత్త కాగితం కాదు.

ఇంత చవగ్గా అమ్మితే పోటీకి నష్టం అని ఎవరంటున్నారు?

మూడు వైపుల నుంచి ఆ మాట వినిపిస్తుంది, ముగ్గురి బాధా ఒకటి కాదు. చిన్న షాపులవాళ్ళు "మాకు ఆ ధరకి సరుకే దొరకదు, ఇక మేం ఎలా పోటీపడాలి" అంటారు. పీబీఎంల తరఫువాళ్ళు "రోగులు బయట కొనుక్కుంటే ఏ మందు దేనితో పడదో చూసేవాళ్ళుండరు, అందరి తరఫునా బేరమాడే బలం పోతుంది" అంటారు. మందుల కంపెనీలు నేరుగా అమ్మడం మొదలుపెట్టాక, ఇన్సూరెన్స్ వ్యవస్థనే పక్కకు నెట్టేస్తున్నారన్న వాదన కొత్తగా వచ్చింది.

మొదటి వాదనలో నిజం ఉంది. నేను ఆ షాపులోనే పనిచేస్తున్నాను కాబట్టి ఊరికే అనడం లేదు. రెండో దాంట్లో ఒక్క ముక్క మాత్రం నిజం: ఏ మందు ఎక్కడ కొన్నా, మీరు వాడేవన్నీ ఒక ఫార్మసిస్ట్‌కి తెలిసి ఉండాలి. ఆ జాగ్రత్తకీ మాత్రను వంద రెట్లకి అమ్మడానికీ సంబంధం లేదు.

చట్టం ఏమంటుంది? తక్కువ ధరకి అమ్మడం నేరమా?

కాదు. అమెరికా పోటీ చట్టాలకి పునాది 1890 నాటి షెర్మన్ చట్టం, 1914 నాటి క్లేటన్ చట్టం. వాటి చూపులో తక్కువ ధర పోటీకి గుర్తు. అది తప్పు కావాలంటే రెండు రుజువు చేయాలని సుప్రీంకోర్టు 1993లో బ్రూక్ గ్రూప్ కేసులో చెప్పింది. ఒకటి, పడ్డ ఖర్చు కంటే తక్కువకి అమ్మాలి. రెండు, పక్కవాడు మూసుకుని పోయాక ధర పెంచి ఆ నష్టాన్ని రాబట్టుకునే అవకాశం గట్టిగా కనిపించాలి. కొన్న ధర మీద 15 శాతం వేసుకుని అమ్మేవాడు మొదటి మెట్టు దగ్గరే ఆ నిందలోంచి బయటపడతాడు. నష్టానికి అమ్మడం లేదు కదా.

ఇంకో చట్టం ఉంది, 1936 నాటి రాబిన్సన్-ప్యాట్‌మన్. పెద్ద గొలుసు దుకాణాలకు తక్కువకీ చిన్న కొట్లకు ఎక్కువకీ సరుకు వేయకూడదని వచ్చిన చట్టం. మందుల షాపులు ఎంతో ఆశగా తట్టిన తలుపు ఇదే. 1990లలో వేల షాపులు కలిసి కంపెనీల మీద కేసులు వేశాయి: ఆస్పత్రులకి, హెచ్ఎంఓలనే ఇన్సూరెన్స్ సంస్థలకి, మెయిల్ ఆర్డర్ వాళ్ళకి డిస్కౌంట్ ఇస్తూ మాకు ఎందుకు ఇవ్వరు అని. కొంత సెటిల్‌మెంట్ వచ్చింది. మిగిలిన రాబిన్సన్-ప్యాట్‌మన్ వాదనలు న్యూయార్క్‌లో ఏళ్ళ తరబడి నడిచి, 2015లో సెకండ్ సర్క్యూట్ అప్పీలు కోర్టులో ఓడిపోయాయి. ఆ తేడా వల్ల ఫలానా షాపు పోగొట్టుకున్న ఖాతాదారులు లెక్కపెడితే పట్టించుకోనక్కర్లేనంత తక్కువ అని కోర్టు తేల్చింది.

ఆ తీర్పు నాకు నచ్చలేదు. ఒక్కో షాపు లెక్క విడిగా తీస్తే చిన్నగానే కనిపిస్తుంది. వీధుల్లో షట్టర్లు ఒక్కొక్కటీ దిగిపోతుంటే మాత్రం చిన్నగా కనిపించదు. కానీ చట్టం ఇప్పుడున్న తీరు అది, చదివేవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాలి.

అయితే పోటీకి అడ్డం ఎక్కడుంది?

తక్కువ ధర దగ్గర కాదు, తలుపు దగ్గర. ఆ తక్కువ ధరకి ఇచ్చే షాపు దాకా రోగిని పోనివ్వకపోవడంలో ఉంది.

అమెరికాలో దాదాపు 80 శాతం ప్రిస్క్రిప్షన్ క్లెయిములు మూడే మూడు పీబీఎంల చేతుల మీదుగా నడుస్తాయి: సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్. సీవీఎస్ కింద ఎట్నా ఇన్సూరెన్స్, సీవీఎస్ స్పెషాల్టీ ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ సిగ్నా ఇన్సూరెన్స్ వాళ్ళది, దాని స్పెషాల్టీ ఫార్మసీ అక్రెడో. ఆప్టమ్ యునైటెడ్‌హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్ళది. ఇన్సూరెన్స్ ఒకరిదే, ధర కట్టేది వాళ్ళే, మందు అమ్మేదీ వాళ్ళే. ఊరి బావి, చేంతాడు, బిందె అన్నీ ఒకే ఇంటివైతే నీళ్ళ ధర ఎవరు చెబుతారు?

ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీ, ఈ మూడింటి లెక్కలు తెప్పించుకుని 2024 జులైలో ఒకటి, 2025 జనవరిలో ఇంకొకటి మధ్యంతర నివేదికలు ఇచ్చింది. రెండో నివేదికలో 51 స్పెషాల్టీ జెనరిక్ మందులు చూశారు. అందులో ఒక్కటి తీసుకోండి. ఊపిరితిత్తుల్లో రక్తపోటుకి వాడే టడలాఫిల్. 2022లో ఫార్మసీలు నెల మందుని సగటున 27 డాలర్లకు కొన్నాయి. ఈ మూడు పీబీఎంలు కమర్షియల్ ప్లాన్ల తరఫున తమ సొంత ఫార్మసీలకు దానికి కట్టింది 2,106 డాలర్లు. మొత్తమ్మీద 2017 నుంచి 2022 వరకు ఈ జెనరిక్‌ల మీద కొన్న ధర అంచనాకు పైన వాళ్ళ ఫార్మసీలకు వచ్చింది 730 కోట్ల డాలర్లు. పీబీఎంలు ఈ నివేదికను ఒప్పుకోలేదు, కొన్ని మందుల్ని ఏరుకుని చూపించారని అన్నాయి. నా మటుకు నాకు 27, 2,106 పక్కపక్కన చూశాక ఆ జవాబు సరిపోలేదు.

మా షాపు 27కి కొని 60కి ఇవ్వగలదు. ఇవ్వనివ్వరు. క్లెయిమ్ పంపితే తిరస్కరణ. క్యాష్ ధర ఈ మూసిన తలుపు పక్కన తెరిచిన కిటికీ. అందుకే దాన్ని పోటీకి శత్రువు అనడం నేను ఒప్పుకోను.

స్పెషాల్టీ ఫార్మసీని అడ్డం పెట్టుకుని పోటీని చంపారని కోర్టులో తేలిన కేసు ఉందా?

ఉంది. డారాప్రిమ్. టాక్సోప్లాస్మోసిస్ అనే ఇన్ఫెక్షన్‌కి వాడే ఎన్నో దశాబ్దాల నాటి పాత మందు. పేటెంట్ ఎప్పుడో పోయింది. 2015 ఆగస్టులో మార్టిన్ ష్క్రెలీ నడిపిన ట్యూరింగ్ ఫార్మాస్యూటికల్స్ దాన్ని కొని, మాత్ర ధరను 40 రెట్లకు పైగా పెంచి 750 డాలర్లు చేసింది.

పేటెంట్ లేని మందుకి అంత ధర పెడితే ఇంకో కంపెనీ జెనరిక్ తెచ్చి తక్కువకి అమ్మాలి కదా? జెనరిక్ చేయాలంటే అసలు మందు మాత్రలు చాలినన్ని కొనుక్కుని, తమదీ అదే అని పోల్చి చూపించాలి. ఆ మాత్రలు ఎవరికీ దొరక్కుండా, సరఫరాని కొద్దిమంది డిస్ట్రిబ్యూటర్లకీ ఫార్మసీలకీ పరిమితం చేశారు, జెనరిక్ కంపెనీలకు అమ్మకూడదని ఒప్పందాల్లో రాసుకున్నారు. ముడిసరుకు తయారుచేసేవాళ్ళతో కూడా ఇంకెవరికీ ఇవ్వొద్దని ఒప్పందం. 2020 జనవరిలో ఎఫ్‌టీసీ, న్యూయార్క్ రాష్ట్రం కేసు వేశాయి. 2022 జనవరిలో జడ్జి డెనీస్ కోట్ ష్క్రెలీని మందుల పరిశ్రమ నుంచి జీవితకాలం బహిష్కరించి, 6 కోట్ల 46 లక్షల డాలర్లు కట్టమన్నారు.

ఇక్కడ ఎవరూ డిస్కౌంట్ ఇవ్వలేదు. స్పెషాల్టీ సరఫరా అన్న ఏర్పాటు మాత్రం ఉంది, అదే ఆయుధమైంది. ఇలాంటివి ఆపడానికి 2019 డిసెంబర్‌లో క్రియేట్స్ చట్టం వచ్చింది. నమూనాలు అమ్మకుండా తిప్పించుకునే బ్రాండ్ కంపెనీని ఇప్పుడు జెనరిక్ కంపెనీ కోర్టుకి లాగొచ్చు.

గుడ్‌ఆర్ఎక్స్ లాంటి కూపన్ కూడా క్యాష్ ధరే కదా?

పేరుకే. ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

మీరు ఫోన్‌లో కూపన్ చూపిస్తారు. నేను అందులోని నంబర్లు కొడతాను. ఆ క్లెయిమ్ వెళ్ళేది ఒక పీబీఎంకే. మీ ఇన్సూరెన్స్ పీబీఎం కాకపోతే ఇంకొకటి. అది ఒక ధర తిప్పి పంపుతుంది, అది మీరు కడతారు. ఆ తర్వాత ఆ పీబీఎం మా షాపు నుంచి ఫీజు పట్టుకుని, అందులో కొంత కూపన్ కంపెనీకి ఇస్తుంది. ఉదాహరణకి, మీరు 15 డాలర్లు కట్టారు, ఫీజు 5 పోయింది, మందు మాకు 9కి పడింది అనుకోండి. మిగిలిన ఒక్క డాలర్లోంచే సీసా, లేబుల్, నా జీతం, కరెంటు బిల్లు. కొన్నిసార్లు ఆ ఒక్క డాలర్ కూడా ఉండదు. మీకు తగ్గింది నిజం. కానీ మధ్యవర్తి తప్పుకోలేదు, ఇంకో మధ్యవర్తి వచ్చి చేరాడు.

2024 చివర్లో స్వతంత్ర ఫార్మసీలు గుడ్‌ఆర్ఎక్స్ మీద, కొన్ని పీబీఎంల మీద యాంటీట్రస్ట్, అంటే పోటీ చట్టం కింద, కేసులు వేశాయి. తర్వాత అవన్నీ రోడ్ ఐలండ్ ఫెడరల్ కోర్టులో ఒకచోట చేర్చారు. ఆరోపణ ఇది: మీరు మామూలుగా ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చినా, వెనకాల గుడ్‌ఆర్ఎక్స్ వేర్వేరు పీబీఎంల రేట్లు పోల్చి, అన్నిటికంటే తక్కువ రేటుకి ఆ క్లెయిమ్ మళ్ళిస్తుంది. ఒకరితో ఒకరు పోటీపడాల్సిన పీబీఎంలు ఫార్మసీలకు ఎంత కట్టాలో ఒకే మీటకి కట్టేసుకున్నట్టయింది కదా, ఇది కుమ్మక్కే అని షాపుల వాదన. గుడ్‌ఆర్ఎక్స్ కాదంటోంది.

ఈ కేసుకీ కాస్ట్ ప్లస్ పద్ధతికీ తేడా గమనించండి. ఒకడు తన సరుకుని తన ధరకి అమ్ముకోవడం వేరు. పోటీదారులు ఒకరి రేటు ఒకరు వాడుకుని మూడోవాడి పొట్ట కొట్టడం వేరు. కొనేవాళ్ళు కలిసి ధర తొక్కిపెట్టినా పోటీ చట్టం ఊరుకోదు. పత్తి కొనే వ్యాపారులంతా కూడబలుక్కుని యార్డులో ఒకే రేటు పాడితే రైతుకి ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కంపెనీలే నేరుగా క్యాష్‌కి అమ్ముతున్నాయి. ఇది మంచిదా, చెడ్డదా?

పూర్తిగా మంచిదనీ అనను, చెడ్డదనీ అనను.

ఎలై లిల్లీ 2024 జనవరిలో లిల్లీడైరెక్ట్ పెట్టింది. ఆ ఆగస్టులో బరువు తగ్గే మందు జెప్‌బౌండ్‌ని చిన్న వయల్స్‌లో, తక్కువ మోతాదు 399 డాలర్లకి, దాని పై మోతాదు 549కి అమ్మడం మొదలుపెట్టింది. అప్పటికి అదే మందు ఇంజెక్షన్ పెన్నుల లిస్ట్ ధర నెలకు వెయ్యి దాటింది. 2025 సెప్టెంబర్‌లో బ్రిస్టల్ మయర్స్, ఫైజర్ కలిసి రక్తం గడ్డకట్టకుండా వాడే ఎలిక్విస్‌ని లిస్ట్ ధర 606 ఉండగా నేరుగా 346కి ఇవ్వడం మొదలుపెట్టాయి. అదే నెలలో, కంపెనీల క్యాష్ ధరలు చూపించే ప్రభుత్వ వెబ్‌సైట్ ట్రంప్ఆర్ఎక్స్ ప్రకటన వచ్చింది.

ఇందులో మంచి: 346కి అమ్మగలిగినవాళ్ళు 606 అని ఎందుకు రాశారన్న ప్రశ్న బయటికొచ్చింది. ఆ తేడాలో పెద్ద భాగం పీబీఎంలకు రిబేట్లుగా పోతుండేది. ఇక రెండో వైపు. జెప్‌బౌండ్ వయల్స్ మొదట లిల్లీ ఎంచుకున్న ఫార్మసీల నుంచే వచ్చేవి. మా షాపు ఆ ధరకి కొనాలన్నా దొరికేది కాదు. 2025 చివర్లో వాల్‌మార్ట్ కౌంటర్‌లో తీసుకునే ఏర్పాటు చేశారు, తలుపు కొంచెం తెరుచుకుంది. తెరిచింది ఒక పెద్ద గొలుసు దుకాణానికి. అదే ధరకి ఏ లైసెన్సున్న ఫార్మసీ అయినా ఇవ్వొచ్చు అంటే నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఎంచుకున్నవాళ్ళకే అంటే, రోగికి ఇవాళ డబ్బు మిగిలినా, రేపు ఆ ధర పెంచితే వేరే చోటికి పోయే దారి ఉండదు.

క్యాష్‌కి కొంటే ఆ డబ్బు డిడక్టబుల్‌లో కలుస్తుందా?

సాధారణంగా కలవదు. కొన్ని ప్లాన్లు రసీదు పంపితే కలుపుతాయి, అడిగి చూడండి. కలవకపోతే నష్టమా కాదా అన్నది మందు ధర బట్టి ఉంటుంది. కాగితం తీసుకోండి.

మీ ఏడాది గరిష్ఠ ఖర్చు పరిమితి 6,000 డాలర్లనుకుందాం. మందు ప్లాన్ ద్వారా తీసుకుంటే మీరు ఆ 6,000 దాకా కట్టాల్సొస్తుంది. అదే జెనరిక్ క్యాష్‌కి నెలకు 47 అయితే ఏడాదికి 564. అదే ఏడు ఆపరేషన్ పడి 6,000 పూర్తిగా కట్టాల్సి వచ్చినా, మీకు అదనంగా పోయేది ఆ 564 మాత్రమే. ఆపరేషన్ పడకపోతే ఐదు వేలకు పైగా మిగిలాయి. ప్లాన్‌లో ఎక్కువ పడే ఇలాంటి చవక జెనరిక్‌కి క్యాష్ దాదాపు ఎప్పుడూ మేలే.

బ్రాండ్ మందు నెలకు 500 అయితే కథ మారిపోతుంది. ఏడాదికి 6,000 క్యాష్, ఆపరేషన్ పడితే ఇంకో 6,000, మొత్తం 12,000. ప్లాన్ ద్వారా తీసుకుని ఉంటే 6,000తో ఆగేది. ఏడాదిలో పెద్ద వైద్యం ఉందని తెలిస్తే ఖరీదైన మందుని క్యాష్‌కి కొనకండి. హెచ్ఎస్ఏ, అంటే వైద్యానికి పన్ను లేకుండా దాచుకునే ఖాతాలో డబ్బుంటే ప్రిస్క్రిప్షన్ మందుకి వాడుకోవచ్చు, క్యాష్‌కి కొన్నా సరే.

మెడికేర్‌లో ఉన్న పెద్దవాళ్ళకి 2025 నుంచి ప్లాన్ కవర్ చేసే మందుల మీద సొంత ఖర్చు ఏడాదికి 2,000 డాలర్లకి మించకుండా కట్టుబాటు వచ్చింది. 2026లో అది 2,100. క్యాష్‌కి కొన్నది ఆ లెక్కలోకి మామూలుగా రాదు.

క్యాష్ ధర తక్కువని ఫార్మసిస్ట్ నోరు విప్పి చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఒకప్పుడు పీబీఎం ఒప్పందాల్లో చెప్పకూడదని రాసి ఉండేది. 2018 అక్టోబర్‌లో రెండు ఫెడరల్ చట్టాలు ఆ నోటికి వేసిన తాళం తీశాయి. కానీ అడగకుండా అందరికీ చెప్పాలన్న నియమం లేదు, కౌంటర్‌లో తీరికా ఉండదు. మీరే అడగండి: "ఇన్సూరెన్స్ లేకుండా ఎంత?"

ఒక షాపు క్యాష్‌వాళ్ళకి తక్కువకీ, ప్రభుత్వ ప్లాన్‌కి ఎక్కువకీ అమ్మితే?

అక్కడ జాగ్రత్తగా ఉండాలి. గొలుసు దుకాణం కేమార్ట్ డిస్కౌంట్ క్లబ్ పెట్టి జెనరిక్‌లు క్యాష్‌వాళ్ళకి చవగ్గా అమ్మింది, మెడికేర్‌కి మాత్రం "మా మామూలు ధర" అని పెద్ద అంకె చూపించింది. 2016లో సెవెంత్ సర్క్యూట్ కోర్టు, ఎవరైనా సులువుగా చేరగల క్లబ్ ధర ఉంటే అదే నీ మామూలు ధర అంది. తక్కువకి అమ్మడం తప్పు కాలేదు. ఆ తక్కువ ధరని దాచడం తప్పయింది.

రాష్ట్రాలు ఏమైనా చేస్తున్నాయా?

ఆర్కన్సా 2025 ఏప్రిల్‌లో ఒక చట్టం చేసింది: పీబీఎంకి రాష్ట్రంలో సొంత ఫార్మసీ ఉండకూడదు అని. నేరుగా మూలానికే పోయిన చట్టం. జులైలో ఫెడరల్ జడ్జి దాన్ని నిలిపేశారు. అంతకుముందు 2020 డిసెంబర్‌లో, అదే ఆర్కన్సా చేసిన ఇంకో చట్టాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఫార్మసీ కొన్న ధర కంటే తక్కువ కట్టడానికి వీల్లేదన్న చట్టం అది.

ఈ మాత్రలు చాలావరకు మన హైదరాబాద్‌లో చేసినవేనటగా? మరి ధర ఎందుకంత?

తయారీ ఖర్చుకీ ఈ ధరలకీ సంబంధం లేదనడానికి మన ఊరి కథే సాక్ష్యం. ఇమాటినిబ్‌ని హైదరాబాద్ నాట్కో 2003లో వీనాట్ పేరుతో తెచ్చింది. స్విస్ కంపెనీ నోవార్టిస్ ఇదే మందుకి తన బ్రాండ్ అయిన గ్లివెక్ పేటెంట్ కోసం చివరిదాకా పోరాడితే 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు కాదంది. అప్పట్లో బ్రాండ్ నెలకు సుమారు లక్షా 20 వేల రూపాయలు, మన జెనరిక్ సుమారు 8 వేలు. అమెరికాలో ఇమాటినిబ్ జెనరిక్ 2016లో వచ్చింది. వచ్చాక కొన్న ధర పడిపోయింది. ప్లాన్‌కి చూపించే ధర చాలా చోట్ల ఆ వెంట పడలేదు.

మైలోమా అనే రక్త కేన్సర్‌కి వాడే లెనలిడోమైడ్ ఇంకో రకం. అమెరికాలో నాట్కో మందు టెవా ద్వారా 2022 మార్చిలో, డాక్టర్ రెడ్డీస్ మందు అదే సెప్టెంబర్‌లో దిగాయి. కానీ పేటెంట్ సెటిల్‌మెంట్ల ప్రకారం 2026 జనవరి 31 వరకు పరిమితమైన వాటానే అమ్మాల్సి వచ్చింది. మాత్రలు చేసే శక్తి ఉన్నా చేతులు కట్టేసి ఉన్న ఆ నాలుగేళ్ళలో క్యాష్ డిస్కౌంట్ ఎంత కావాలన్నా పుట్టేది కాదు. చవక ధరకి ముందు, అమ్మేవాళ్ళు ఎక్కువమంది ఉండాలి.

అమ్మానాన్న విజిటింగ్ మీద వచ్చారు. వాళ్ళకి క్యాష్ ధరలు పనికొస్తాయా?

బాగా పనికొస్తాయి. విజిటర్ ఇన్సూరెన్స్ చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బుల్ని కవర్ చేయదు కాబట్టి వాళ్ళకి క్యాషే దారి. ఒక్కటే మెలిక: ఇక్కడి డాక్టర్ రాసిన ప్రిస్క్రిప్షన్ కావాలి, అక్కడి చీటీ చెల్లదు. వచ్చేటప్పుడు సొంతానికి మూడు నెలలకు మించకుండా, అసలు స్ట్రిప్పులతో, డాక్టర్ చీటీతో తెచ్చుకోమనండి. బిళ్ళలన్నీ ఒక డబ్బాలో పోసుకుని వస్తే ఏది ఏదో నేనూ చెప్పలేను.

"ఈ మందు మా స్పెషాల్టీ ఫార్మసీలోనే తీసుకోవాలి" అని ఉత్తరం వచ్చింది. ముందు ఏం చేయాలి?

కంగారుపడి మందు ఆపకండి, ముఖ్యంగా కేన్సర్ మందు. కార్డు వెనకున్న నంబర్‌కి ఫోన్ చేసి ఇవి అడిగి, జవాబులు రాసుకోండి: జెనరిక్ ఇస్తున్నారా, బ్రాండా? నా వాటా డాలర్లలో ఎంత, శాతంలో కాదు? మా ఊరి ఫార్మసీలో తీసుకోవడానికి మినహాయింపు ఉందా? బయట క్యాష్‌కి కొంటే రసీదు పంపి డిడక్టబుల్‌లో కలుపుకోవచ్చా? మందు ఎప్పుడు చేరుతుంది, ఆలస్యమైతే మధ్యలో కొద్దిరోజులకి ఎక్కడ ఇస్తారు?

తర్వాత మీ కంపెనీ హెచ్ఆర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి. పెద్ద కంపెనీల్లో చాలావరకు మందు డబ్బు కట్టేది ఆ కంపెనీయే, ఇన్సూరెన్స్ వాళ్ళు కాదు. 27 డాలర్ల మందుకి 2,106 కడుతున్నట్టు అక్కడివాళ్ళకి తెలియకపోవచ్చు. నేను చెప్పిన ఆ ఇమాటినిబ్ అబ్బాయి అదే చేశాడు. క్యాష్ ధర పేజీ ఒకటి, ప్లాన్ పంపిన ధర కాగితం ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి పంపాడు. ఆ వారమే క్యాష్‌కి మందు తెప్పించుకున్నాడు, ఒక్కరోజు కూడా మాత్ర తప్పలేదు. హెచ్ఆర్ నుంచి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. మరుసటి ఏడాది ప్లాన్ కాగితాల్లో ఆ మందు పక్కన "ఏ ఫార్మసీలోనైనా" అని ఉంది.